నానమ్మ నెంబరు

గ్లాస్గోలో ఒక జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టర్ల క్లినిక్‌లో, తొమ్మిదేళ్లుగా రిసెప్షన్‌లో కూర్చుంటున్నాను. నా పేరు అలివేలుమంగ. మా డాక్టర్లు మంచివాళ్లే, నోటి దురుసంతా నాదే. అపాయింట్‌మెంట్ కోసం కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. పోయిన సెప్టెంబరు నుంచి మా దగ్గర అంతా ఆన్‌లైన్. పొద్దున ఎనిమిదింటికి ఫారం తెరుచుకుంటుంది, ఇరవై నిమిషాల్లో మూసుకుంటుంది. ఫారంలోకి వెళ్లాలంటే మన ఫోనుకి ఆరంకెల కోడ్ వస్తుంది, అది కొట్టాలి. ఇంతకన్నా సులువేముందని అందరికీ పాఠం చెప్పేదాన్ని.

జనవరి చివర్లో ఒక సోమవారం రొజాలియా వచ్చింది. పదమూడేళ్ల రోమా పిల్ల, యూరప్‌లో జిప్సీలంటారే, వాళ్ల పిల్ల. స్లొవేకియా నుంచి వచ్చిన కుటుంబం, సర్జరీకి మూడు వీధుల అవతల ఫ్లాట్. ఇంట్లో పెద్దవాళ్లకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఇంటిల్లిపాది ఫారాలూ ఈ పిల్లే నింపేది. అందరి రికార్డుల్లోనూ ఒకటే ఫోన్ నెంబరు.

"ఒంట్లో బాగాలేదు. డాక్టర్ని చూడాలి" అంది.

"ఫారం నింపు" అన్నాను.

"కోడ్ నాకు రాదు. ఆ ఫోను నానమ్మ దగ్గర ఉంది."

"అయితే నానమ్మని అడిగి తీసుకో."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. ఏదో చెప్పబోయి, వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కోవడం చూసి ఊరుకుంది. పోతూ పోతూ మూలనున్న నీళ్ల మిషన్ దగ్గర ఆగి కాగితం గ్లాసుతో తాగింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ. నాలుగో గ్లాసు కూడా తాగేసి ఇంకోటి పట్టబోతుంటే, "ఆ నీళ్లు పేషెంట్లకు" అని కూర్చున్నచోటి నుంచే కేకేశాను. గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఆ పిల్లా పేషెంటేనని నాకు తట్టలేదు.

మర్నాడు ఎనిమిదింటికి మొదటి ఫారం వచ్చింది. పేరు రొజాలియా, పుట్టిన సంవత్సరం మాత్రం 1951. అంటే నానమ్మ ఖాతా. సమస్య ఏమిటన్న గళ్లో నాలుగైదు మాటలున్నాయి. అదేం భాషో నాకు తెలియలేదు.

నాకు నవ్వొచ్చింది. ఈ తికమక నేనెరగనిది కాదు. మా నాయనమ్మ పేరు అలివేలుమంగ. ఆవిడ పేరు ముగ్గురు మనవరాళ్లకు పెట్టారు. పెద్ద మంగకి వచ్చిన ఉత్తరం చిన్న మంగ చించి చదివితే, నడిమి మంగనైన నేను దెబ్బలు తిన్నాను. వీళ్లదీ అదే వరస అనుకున్నాను. పిల్లకి నానమ్మ పేరు పెట్టుకున్నారు, పిల్ల ఇవాళ కంగారులో నానమ్మ ఖాతాలోంచి పంపింది. ఫోను దొరికిందన్నమాట, ఆ మాత్రానికి నా ప్రాణం తీసింది. ఎవరి ఖాతాలోంచి వాళ్లే పంపాలని జవాబు కొట్టి ఫారం మూసేశాను.

బుధవారం మళ్లీ వచ్చింది. గురువారం కూడా. రెండింటినీ అలాగే మూశాను. ఒక్క సంగతి మాత్రం నాకు నచ్చలేదు. ఫారం నింపడానికి ఎంత చురుకైనవాళ్లకైనా ఒక నిమిషం పడుతుంది. ఇవి ఎనిమిది కొట్టిన క్షణంలోనే, సెకను కూడా తేడా లేకుండా వచ్చి పడుతున్నాయి. ఎనిమిదికి ముందు మా ఫారం ఎవరికీ తెరుచుకోదు. కంప్యూటర్ తప్పయి ఉంటుందిలే అనుకుని ఆ ఆలోచనను పక్కకు నెట్టాను.

శుక్రవారం నా పక్క కుర్చీలో పూజిత ఉంది. నిజామాబాద్ పిల్ల, ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చదువుతూ వారానికి రెండు రోజులు మా దగ్గర పనిచేస్తుంది.

"ఆంటీ, ఈ ఫారాలన్నీ ఎందుకు మూసేసిన్రు?"

"ఎవురిది వాళ్లు పంపమని నాలుగు దినాలుగా చెప్తానే ఉండా. వినకపోతే నేనేం చేసేది?"

"లోపలేమున్నదో చదివిన్రా? ఇగో, 'పియెల్ బుత్ పాని'. పాని అంటే నీళ్లే గదా ఆంటీ. రోమావాళ్ల మాటలు హిందీకి దగ్గరుంటయని మా క్లాసుల చెప్పిన్రు. మస్తు నీళ్లు తాగుతున్నదని రాసినట్టుంది."

నా కళ్లు మూలనున్న నీళ్ల మిషన్ మీదికి పోయాయి. నాలుగు గ్లాసులు. 

"ఈ రోజుదాంట్లో ఏముంది?"

"'నా ఉష్తెల్' అని ఉంది. లేస్తలేదు అన్నట్టుంది ఆంటీ."

డాక్టర్ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లాను. పిల్ల వయసు, దాహం, లేవలేకపోవడం చెబుతుండగానే ఆవిడ లేచి నిలబడింది. షుగర్ అయి ఉంటుంది, వెంటనే అంబులెన్స్ పిలవండి అంది. పిలిచాం. తర్వాత రికార్డులో ఉన్న నెంబరుకి ఫోన్ చేశాను. రింగైంది. ఎవరో ఎత్తారు. హలో అన్నాను. అవతల మాట లేదు, వీధి చప్పుడు లేదు, మనిషి ఊపిరి కూడా లేదు. అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పెట్టేయడానికి భయమేసింది. ఫోను పూజిత చేతిలో పెట్టి, కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

తల్లి తలుపు తీసింది. పిల్ల సోఫాలో పడుంది. సోమవారం చూసిన మొహం కాదు, బుగ్గలు లోపలికి పోయాయి. దగ్గరికి వంగితే ఊపిరిలో మిగల పండిన ఆపిల్ వాసన. నా వెనకే అంబులెన్స్ వాళ్లు వచ్చారు. వేలు గుచ్చి చూస్తే వాళ్ల మిషన్ అంకె కూడా చూపించలేదు, అంత షుగర్. పిల్లని స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"నీకు ఎవరు చెప్పారు?" అంది, వచ్చీరాని ఇంగ్లిష్‌లో.

"మీరే కదా. మీ అత్తగారి ఫోన్లోంచి రోజూ పంపుతున్నారు. ఆవిడేరీ?"

ఆమె గోడ మీది ఫొటో చూపించింది. ఫొటో కింద కొవ్వొత్తి.

నవంబరులో పోయిందట. వాళ్ల ఊరికి తీసుకెళ్లి పూడ్చారు. మా రికార్డులో ఆ సంగతి ఎక్కనే లేదు. పోయినవాళ్లకి ఇష్టమైనవి వాళ్ల పెట్టెలోనే పెట్టడం వీళ్ల ఆచారం. దువ్వెన, సిగరెట్లు, ఫోను పెట్టారు.

"ఆమెకి చదవడం రాదు, రాయడం రాదు" అంది తల్లి. "ఫోన్లో పిల్ల ఫొటోలు చూసుకునేది. అందుకని పెట్టాం."

 పిల్ల నాతో అబద్ధం చెప్పలేదు. ఫోను నానమ్మ దగ్గరే ఉంది. అందరి ముందూ ఆ మాట విడమరిచి చెప్పలేక నోరు మూసుకుంది. మూడు నెలలుగా ఆ ఇంటి కోడ్‌లన్నీ మట్టి కిందికి పోతున్నాయి. నేనేమో సులువని పాఠం చెబుతున్నాను.

పిల్ల బతికింది. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇక జన్మంతా ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఆ మందుల చీటీలూ ఫోన్ మీదే వస్తాయి కనుక, పిల్ల ఇంటికొచ్చిన మర్నాడు రికార్డులో తల్లి కొత్త నెంబరు ఎక్కించడానికి కూర్చున్నాను. తెర మీద ఒక వాక్యం వచ్చింది: నిర్ధారణ కోసం పాత నెంబరుకి కోడ్ పంపాం. కోడ్ లేకపోతే దరఖాస్తు పెట్టుకోవాలి, ఆరు వారాలు పడుతుంది. పిల్ల దగ్గరేమో పది రోజుల మందే ఉంది.

ఎనిమిదికి ఇంకా రెండు నిమిషాలు. పిల్ల ఆస్పత్రికి వెళ్లిన రోజు నుంచీ ఆ నానమ్మ ఏమీ పంపలేదు. శుక్రవారం నాటి ఫారం తెరిచి, జవాబు గళ్లో తెలుగులోనే కొట్టాను. "అమ్మా, పిల్ల లేచింది. తప్పు నాది. ఆ కోడ్ కాస్త ఇప్పించు." పూజిత పక్కనే ఉండి చూసింది. 

ఎనిమిది కొట్టింది. రొజాలియా, 1951. గళ్లో మాటలేవీ లేవు, ఆరు అంకెలున్నాయి. అవే కొట్టాను. నెంబరు మారింది.

నానమ్మని అడిగి తీసుకోమని ఆ పిల్లకి చెప్పింది నేనే. చివరికి అడిగి తీసుకున్నదీ నేనే.