సున్నపు రాళ్ళు

విందులో అందరికన్నా గౌరవం ఇచ్చేవాళ్ళకి పెట్టే గొర్రె తల ఎవరి ముందు పెట్టాలన్న తగువు పొద్దుటినుంచీ సాగుతూనే ఉంది. తండ్రి పోయి ఏడాది నిండిన సందర్భంగా పెడుతున్న భోజనం కదా, ఇంటి మగవాళ్ళలో ఇప్పుడు పెద్దవాడు మరిది షామిర్బెక్కే, ఆయన ముందే పెట్టాలని తల్లి సైరాగుల్ అంటుంది. అలా అయితే తను ఆ గదిలోకి అడుగు పెట్టనని కూతురు నుర్జాత్ అంటుంది. మనుషుల మీద కోపం గొర్రె మీద చూపించకే అని తల్లి పిండి వత్తుతూనే మందలించింది.

"ఆయన మనకి నీళ్ళు ఆపాడు. నువ్వు ఆయనకి తల పెడతావా?"

"పెట్టకపోతే నీళ్ళొస్తాయా?"

 తల్లిదే పైచేయి అయింది.

ఆ నీళ్ళ సంగతి వాళ్ళుండే నరీన్ కొండల్లో అందరికీ తెలిసిందే. శీతాకాలంలో మందని ఉంచే పాక పక్కన ఒక ఊట ఉంది. అన్నని మట్టిచేసి వచ్చిన వారానికే షామిర్బెక్ తన కంచెని ఆ ఊట అవతలిదాకా జరిపేశాడు. ఇదేమిటని నుర్జాత్ అడిగితే, పదిమందిలో నవ్వుతూ అన్నాడు: "ఆడపిల్ల పుట్టింటికి చుట్టం. చుట్టానికి ఊటలో వాటా ఏమిటమ్మాయ్?" చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. అప్పటినుంచీ తల్లి ఏటినుంచి గాడిద మీద నీళ్ళు తెచ్చుకుంటోంది. ఆ నవ్వు మాత్రం నుర్జాత్ చెవిలోనే ఉండిపోయింది.

నుర్జాత్ రాజధాని బిష్కెక్‌లో పటాలు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. ఈ ఏడు పచ్చికబయళ్ళ హద్దులు కొత్తగా గీస్తున్నారు. తిరిగి తిరిగి వాళ్ళ కొండలే ఆమె బల్ల మీదికి వచ్చాయి. ఉపగ్రహం ఒకే చోటిని రెండు వైపులనుంచి తీసిన బొమ్మలు రెండు కలిపి చూస్తే కొండలు లేచి నిలబడతాయి. కానీ అవి భూమ్మీద సరిగ్గా ఎక్కడున్నాయో బొమ్మలకి తెలియదు. అందుకని మనుషులు ముందే వెళ్ళి, పైనుంచి కనపడేలా అక్కడక్కడా సున్నం కొట్టిన రాళ్ళని కూడిక గుర్తులా పేరుస్తారు. తర్వాత మళ్ళీ వెళ్ళి ఆ చోటుని పరికరంతో కొలుచుకొస్తారు. నుర్జాత్ రెండు బొమ్మల్లోనూ ఆ గుర్తు నడిమధ్యన చుక్క పెడుతుంది. ఏ చుక్క కొలతకి ఎంత దూరం తప్పిందో కంప్యూటర్ చెబుతుంది. సాధారణంగా ఆ తేడా బారెడు కూడా ఉండదు.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. షామిర్బెక్ కంచె దగ్గరి గుర్తు ఒక పాక పొడుగంత తప్పింది. తన కన్నే మోసపోయిందేమోనని నుర్జాత్ మళ్ళీ పెట్టి చూసింది. అదే తేడా. ఆ చుక్కని పక్కన పెడితే మిగిలినవన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. అప్పుడు, కొలిచిన చోటు బొమ్మలో ఎక్కడ పడుతుందో వెతికింది. ఊటకి సరిగ్గా అవతల, ఉత్త గడ్డి మీద పడింది.

ఆమెకి అంతా అర్థమైంది. కాపరులకి సున్నం రాయి అంటే హద్దురాయే. బాబాయి ఆ గుర్తునే కొత్త హద్దు అనుకున్నాడు. బొమ్మ తీసిన తర్వాత, కొలిచేవాళ్ళు రాకముందు, రాళ్ళన్నీ మోసుకెళ్ళి ఊట అవతల అచ్చం అలాగే పేర్చాడు. అవి మొదట ఉన్న చోటు ఆకాశంలోంచి తీసిన బొమ్మలో ఉండిపోయిందని ఆయనకి తెలియదు. నుర్జాత్ ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. ఏడాదిలో అదే మొదటి నవ్వు.

తప్పు చుక్కని తీసేసి పని కానిమ్మని పై అధికారి చెప్పాడు. అక్కడ రివాజు అదే. తీసేస్తే పటం సరిగ్గానే వస్తుంది, పాత హద్దు ప్రకారం ఊట బాబాయి వాటాకి బయటే పడుతుంది. బాబాయి దొంగతనం మాత్రం ఎవరికీ తెలియదు.

వంటింట్లో ఇదంతా విని తల్లి చేతులు కడుక్కుంది.

"తీసెయ్యవే. నీళ్ళొస్తే చాలదూ?"

"చాలదమ్మా."

"గుర్తు కదిపినవాడికి ఊళ్ళో మంద మేపుకునే బీడు మీద కౌలు ఉండనివ్వరు. మీ నాన్న తోడబుట్టినవాడు."

"అది ఆయనకి గుర్తు రావలసింది రాళ్ళు మోసేటప్పుడు."

భోజనాల దగ్గర షామిర్బెక్ పెద్దలు కూర్చునే పై చోట కూర్చున్నాడు. తన ముందు పెట్టిన గొర్రె తలనుంచి, ఆచారం ప్రకారం, చెవి కోసి పిల్లలకి పంచాడు. నుర్జాత్ టీ పోస్తుంటే అందరివైపూ చూసి కన్నుగీటాడు.

"మా అమ్మాయి ఆకాశంలోంచి మన గొర్రెల్ని లెక్కపెడుతుందట. మొన్న మా పొట్టేలొకటి తప్పిపోయింది. నీకేమైనా కనపడిందా?"

గదంతా నవ్వింది. నుర్జాత్ ఆయన గిన్నె నింపి మర్యాదగా రెండు చేతులతో అందించింది.

"పొట్టేలు కనపడలేదు బాబాయ్. ఊట దగ్గర సున్నపు రాళ్ళు కనపడ్డాయి. మీరు మోసుకెళ్ళక ముందువి."

ఆయన గిన్నె అందుకోలేదు. తల్లి తల వంచుకుంది. నుర్జాత్ గిన్నె ఆయన ముందు దించి, అందరికీ వినపడేలా, గొంతు పెంచకుండానే చెప్పింది.

"ఆ చుక్క నేను తీసెయ్యలేదు. రాళ్ళు కదిపారని రాసి పైకి పంపేశాను. బంధువుని కనక ఇక ఆ పటం ముట్టుకోను, వేరేవాళ్ళు చేస్తారు. గురువారం ఊరి సంఘం ముందు మళ్ళీ కొలుస్తారు. మీరందరూ రండి. రాళ్ళు మొదట ఎక్కడున్నాయో బాబాయే చూపిస్తాడు."