ఇద్దరికీ కుదిరే వేళలు

పళ్ళ డాక్టరుగారి వెబ్‌సైట్ పని నా నెత్తిన పడింది. ఆయనకు ఖాళీ ఉన్న వేళలు, రోగికి ఖాళీ ఉన్న వేళలు ఇస్తే, ఇద్దరికీ కుదిరే గంటలేవో అది చెప్పాలి. జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో దీనికో ఫంక్షన్ రాస్తే చాలు. ఒకసారి రాసి పెట్టుకుంటే ఎవరి వేళలైనా దానికే అందించవచ్చు, ప్రతి రోగికీ కొత్తగా రాయక్కర్లేదు.

రాశాక పరీక్షించాలి కదా. డాక్టరు స్థానంలో నా వేళలు పెట్టాను. ఇంట్లో కూర్చుని పని చేసుకునే ఒంటరిదాన్ని, ఖాళీకేం కొదవ. రోగి స్థానంలో ఎవరినో ఒకరిని ఊహించుకుంటే సరిపోయేది, కానీ నా బుద్ధి ఊరుకోదు. ఇదే ఊళ్ళో, బస్సెక్కితే అరగంట దూరంలో, నా కూతురుంది. తనదీ ఇదే వృత్తి. ఉద్యోగంలో చేరి వేరే గది తీసుకున్నాక ఇటు రావడమే మానేసింది. ఎప్పుడడిగినా తీరిక లేదంటుంది. వారానికో గంట నా ఎదురుగా కూర్చుంటే నాకు చాలు. ఆ మాట అడగలేక, పని పేరు చెప్పి, ఈ వారం ఖాళీ వేళలు పంపమన్నాను. వెంటనే పంపింది. చదివితే నాకు అనుకూలంగా మార్చేస్తానేమోనని, చదవకుండానే తీసుకెళ్ళి ఫంక్షన్‌కి అప్పగించాను.

జవాబే రాలేదు. చూస్తే తప్పు నాదే. లెక్కంతా చేయించి, చివర రిటర్న్ అని రాయడం మరిచాను. అది లేకపోతే ఫంక్షన్ చాకిరీ అంతా చేస్తుంది గానీ ఫలితం బయటికివ్వదు. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తూ ఈ తప్పేమిటని నన్ను నేనే తిట్టుకుని, ఆ మాట చేర్చి మళ్ళీ నడిపాను. ఈసారి వచ్చింది: ఒక్క గంటా కుదరదని.

ఏడుపొచ్చింది. అయినా ఎక్కడో మనసు కుదుటపడింది కూడా. పాపం, పిల్లకి నిజంగానే ఊపిరి సలపడం లేదు, అనవసరంగా ఆడిపోసుకున్నాను అనుకున్నాను. ఫోన్ చేసి, ఇంత పని పెట్టుకుని తిండెప్పుడు తింటున్నావే అని అడిగాను.

నవ్వింది. "అవి నావి కాదమ్మా. ఎవరికీ కుదరనప్పుడు నీ ఫంక్షన్ ఏం చెబుతుందో కూడా చూడాలి కదా. అందుకని అన్నీ తెల్లవారుజాము వేళలు పెట్టి పంపా."

మా వృత్తిలో మంచి పద్ధతే. మెచ్చుకుని, అసలువి కూడా పంపమన్నాను. మాట్లాడుతూనే పంపింది. నేను వింటూనే నడిపాను.

తెర నిండిపోయింది. రోజూ సాయంత్రాలు కుదురుతాయట. ఆదివారమైతే పొద్దుటి నుంచి రాత్రిదాకా.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది. బాగానే పని చేస్తోంది."

నిన్ను చూడాలనుందే, ఒకసారి రా అని ఇప్పుడైనా అడుగుదామని గొంతు సవరించుకున్నాను.

"సరేనమ్మా, ఉంటా మరి. కాస్త పనుంది" అని పెట్టేసింది.

తెరమీద మాత్రం, సరిగ్గా మేం మాట్లాడుకున్న ఆ గంట కూడా ఇద్దరికీ ఖాళీ అనే ఉంది.