సిరిల్ మూడో సాక్ష్యం

తమ్ముడు సిరిల్ తాగుడు మానేసినందుకు కృతజ్ఞతా కూడిక పెట్టడం ఇది మూడోసారి. మూడుసార్లూ బిర్యానీ వండింది కృపమ్మే. వాడు మానేశానన్న ప్రతిసారీ రైల్వే వాళ్ళుండే ట్రాఫిక్ కాలనీలో షామియానా లేస్తుంది, పాస్టరుగారు శాలువా కప్పుతారు, అందరూ తిని దీవించి పోతారు. నెల తిరక్కుండానే సిరిల్ మళ్ళీ మలంచా రోడ్డు మీద సారా దుకాణం దగ్గర తేలతాడు. ఈ సంబడానికి ఉల్లిపాయలు కోసి కోసి కృపమ్మకు విసుగెత్తిపోయింది.

ఈసారి విసుగుతో పాటు భయం కూడా ఉంది. సిరిల్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్నే గ్లాసు పడకపోతే చేతిలో స్పానరు నిలవని స్థితికి వచ్చాడు. పోయిన వారం ఆమే వాణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. "ఇన్నేళ్ళు తాగిన ఒంటికి ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు పడుతుంది, లేనివి కనిపిస్తాయి, ప్రాణమే పోవచ్చు. వార్డులో చేరి మా కళ్ళ ముందు మానాలి" అన్నాడాయన.

ఆ మాట చెబితే సిరిల్ భార్య దోర్కా మొహం ముడుచుకుంది.

"ఆదివారం కూడికని అందరికీ సెప్పీసినాం వదినా. ఇప్పుడు ఆస్పత్రిలో పడేస్తే జనం ఏటనుకుంటారు? విశ్వాసం లేదనరా? కూడిక అయినాక సూద్దాం."

"జనం సంగతి తరవాత. ముందు ఆడికేటవుతాదో సూసుకో!"

ఎవరు విన్నారు గనక! సిరిల్ కూడా "శుక్రవారం నుంచి సుక్క ముట్టలేదక్కా" అని గొప్పగా చెప్పుకున్నాడు.

ఆదివారం సాయంత్రం వాడు మెడలో శాలువాతో, సాక్ష్యం చెప్పడానికి బైబిలు పట్టుకుని నిలబడ్డాడు. చేతులు వణికాయి, గొంతు వణికింది, చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది.

"పరిశుద్ధాత్మ కదుల్తంది!" అన్నారెవరో ముందు వరుసలోంచి. హల్లెలూయలతో షామియానా దద్దరిల్లింది. దోర్కా ఆనందంతో కళ్ళు తుడుచుకుంది. వెనకాల గరిటె పట్టుకుని చూస్తున్న కృపమ్మకు ఒళ్ళు మండిపోయింది.

సిరిల్ బైబిలు మీద చేత్తో దులుపుతున్నాడు. ఆపకుండా దులుపుతూనే ఉన్నాడు.

"ఏటిరా అది?" అని అక్కణ్ణించే అరిచింది.

"సీమలక్కా. పేజీ నిండా సీమలు."

అక్కడ ఒక్క చీమ లేదు. హల్లెలూయలు ఆగిపోయాయి. కృపమ్మ గరిటె పడేసి జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. పాస్టరు జ్ఞానరత్నంగారు ప్రార్థన చేద్దామని చెయ్యెత్తారు.

"పార్థన ఆటోలో సేద్దురు గానీ అయ్యగారూ, ముందు ఆడి రెక్క పట్టండి!"

ఆయన ఎత్తిన చెయ్యి దించి పట్టుకున్నారు.

ఆటోలో సిరిల్ శాలువా మీది చీమల్ని దులుపుతూనే ఉన్నాడు. దోర్కా వాడి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. ఆస్పత్రి గేటు దగ్గర కాస్త తెలివొచ్చి వాడు అక్క వైపు చూశాడు.

"నాను తిరిగొస్తే మళ్ళీ షామియానా ఎయ్యకండక్కా. అందరూ సప్పట్లు కొట్టీసినాక, మళ్ళీ తాగాలనిపిస్తందని ఎవులికి సెప్పుకోను?"

ఇన్నేళ్ళూ కృపమ్మ వాణ్ణి తిట్టింది, వాడి కోసం వండింది, తాగాలనిపిస్తోందా అని మాత్రం ఎన్నడూ అడగలేదు.

"నాకు సెప్పరా," అంది. "తిడతాను గానీ, వింటాను."