కాళ్లరగని కుర్చీ

పాత సామాను గుర్తువట్టుడు పెద్ద బ్రహ్మవిద్యేం గాదు. తిరగేసి చూడాలె, గంతే. మనుషులు వాడిన వస్తువు కాళ్లకాడ అరుగుతది, చేతులు వడ్డకాడ నున్నగైతది. చాయ డికాక్షన్‌ల ముంచి నూరేండ్లదని అమ్మే దొంగలు పైపైన రంగు పూస్తరుగని, కాళ్ల అడుగులు అరగదీసుడు యాదిమరుస్తరు. సౌదీల, జిద్దా పట్నం బలద్ బజార్ల, వీసా ఇచ్చి తెచ్చుకున్న మా అరబ్బు సేటు, కఫీల్ దుకాణంల నాకు జీతమిచ్చేది గా చూపుకే. కట్టెపని చేసే వడ్లోళ్ల ఇంట్ల పుట్టిన, పేరు భూమేష్. కోపం మాత్రం నా జీతం కన్న ఎక్కువ.

తొంభైతొమ్మిదిల ఒకనాడు మూతవడ్డ ఓ పాత లాడ్జి సామాను కఫీల్ గుత్తకు కొనుక్కొచ్చిండు. దాంట్ల ఓ పిల్లల కుర్చీ. చెక్క గాదు, అన్ని పుల్లలే. బెరడు తియ్యని కొమ్మలు వంచి, ఒక్క మొల గూడ లేకుంట ఖర్జూర నారతోని గుంజి కట్టింది. గప్పుడే దుకాణంల ఓ మేడం ఉన్నది. నమ్రత అని, డాక్టరు భార్య, బెజవాడ దిక్కు. చేతిల ఇంగ్లీషు పుస్తకం, దాంట్ల గసొంటి పుల్లల కుర్చీలు, ఫోటో ఫ్రేములు.

"ఎంత బావుందో! మా హాల్లో పెడితే అదిరిపోతుంది. నిజంగా పాతదేనా భూమేష్ గారూ?"

కఫీల్ నాకంటె ముందే "ఖదీమ్, ఖదీమ్! చానా పాతది, ఎడారిల తిరిగే బదూలది, నూరేండ్లది" అనుకుంట నా దిక్కు కన్నుగొట్టిండు. నేను గూడ పాతదే అంటే అయిపాయె, అమ్ముడువోతది. గా దుకాణంల నా మాటకు గంత విలువ.

తిరగేసిన. కూసునే పట్టి కింద బొట్టు. ఎండి మన్ను రంగుకొచ్చిందిగని, వేలుతోని రుద్దితె పసుపే. మా ఇండ్లల్ల కొత్త వస్తువు చేస్తే పసుపు బొట్టు పెట్టంది ఎవలి చేతికియ్యరు. అరబ్బు దేశంల కుర్చీకి పసుపు బొట్టు ఎవడు పెడతడు? అది నేను చేసిన కుర్చీ.

తొంభై ఒకటిల, కువైట్ యుద్ధమప్పుడు, ధహ్రాన్‌ల ఆయిల్ కంపెనీ కాలనీల వడ్ల పని చేస్తుంటి. సైరన్ మోగితే కిటికీలకు ప్లాస్టిక్ అతికించిన అర్రల మాస్కు పెట్టుకొని కూసునుడు. ఊరికే కూసుంటే పానం ఆగది. తోటల నరికి పారేసిన కొమ్మలు ఏరుకొచ్చి నా బిడ్డ సృజనకు కుర్చీ చేసిన. దానికి అప్పుడు మూడేండ్లు. నేను దాన్ని చూసింది నలభై రోజులు. మెస్సుల చిటికెడు పసుపు అడుక్కొచ్చి బొట్టు పెట్టిన. మా ఊరి భోజన్న పని ఇడిసి ఎగ్జిట్ కొట్టించుకొని, జిద్దాల విమానమెక్కి ఇంటికి వోతుంటే, కాళ్లు వట్టుకున్నంత పని చేసి ఆయనతోని పంపిన.

నెలకు నా పెండ్లాం ముత్యవ్వ క్యాసెట్ నింపి పంపింది. "కుర్చీ అందిందయ్యా. నీ బిడ్డ దిగుతనే లేదు, అండ్లనే కూసోని బువ్వ తింటున్నది." గా మాట టేపు తెగేదాక విన్న.

మూడేండ్లకు సెలవు మీద పోయి "కుర్చీ ఏదే?" అంటే, "చెదలు వట్టింది, పొయ్యిల పెట్టిన" అన్నది. ఇగ చూడు నా కోపం! "నా చేతిపని పొయ్యిల పెడతవా? నీకు మనసెట్లొప్పిందే?" అని వాడకట్టంత వినేటట్టు తిట్టిన. నాలుగు రోజులు ఆమె చేతి బువ్వ తినలే. ఆమె పొద్దుమాపు కంచం పెట్టుడు మాత్రం మానలే.

ఇప్పుడు కుర్చీ కాళ్ల అడుగులు చూసిన. నా కత్తి గాట్లు ఎట్లున్నయో గట్లనే ఉన్నయ్. ఒక్క పిల్ల కూసోలే దాంట్ల.

"ఎన్నేళ్లదండీ?" అని మేడం మళ్ల అడిగింది.

"ఎనిమిదేండ్లది మేడం. బదూలది గాదు, నేనే చేసిన."

మేడం పుస్తకం మూసి, కొనకుంటనే పోయింది. అది చూసి కఫీల్ మొఖం మాడిపోయింది. కుర్చీ నా మీదికి ఇసిరి, "కట్టెల కిందికి పనికొస్తది, తీస్కపో. రేపటి సంది నీ చూపు నాకొద్దు, గోదాంల బస్తాలు మొయ్యి" అన్నడు. మా రూముల పది మంది, దాన్ని పెట్ట జాగ లేదు. నా మంచం మీదనే కాళ్లకాడ పెట్టుకొని ముడుసుకొని పన్న.

శుక్రవారం పొద్దుగాల ఊరి ఎస్టీడీకి ఫోన్ చేసి ముత్యవ్వను పిలిపిచ్చిన.

"నేను చేసిన కుర్చీ దొరికిందే," అన్న.

ఇగ ఆమె దాసలే.

"భోజన్న మన గడపల కూసోని ఏడ్చిండయ్యా. కుర్చీని విమానంల ఎక్కనియ్యలేదట, జిద్దాల దిగిన లాడ్జిలనే ఇడిసొచ్చిండట. ఆడ నీ నెత్తి మీద బాంబులు వడుతున్నయ్. ఇది గూడ ఎట్ల చెప్పాలె అనుకున్న."

"మరి నేను తిట్టినప్పుడన్న చెప్పకపోతివి?"

"చెప్తె భోజన్న మీదికి పోదువు. నాకైతె నీ తిట్లు అలవాటే."

నేనిన్నేండ్లు ఈ ఎడారిల బతికింది ఆమె చెప్పిన గా అబద్ధం మీదనే. తప్పైందే అని చెప్పాలె. గా ఒక్క ముక్క నోటికి రాకపాయె.

"ఏమయ్యా," అన్నది ముత్యవ్వ మెల్లగ, "గది ఎట్లుంటదో చెప్పరాదు? నేను చూడనే లేదు గద."

అప్పుడు చెప్పిన. కొమ్మలు ఎట్ల వంచిన్నో, నార ఎట్ల గుంజి కట్టిన్నో, బొట్టు ఏడ పెట్టిన్నో. కార్డుల పైసలు అయిపోయి ఫోను కట్టైంది. నేను ఇంక జరసేపు చెప్తనే ఉన్న.