చక్రానికి చందనం

లాస్‌పేటలో ఇనుప సామాను కొట్టు నడిపే దామోదరం రెండేళ్ళుగా తల్లికి ఒక మాట చెప్పకుండా దాచాడు. దాచడమంటే అంత సులువా? నిప్పును ఒళ్ళో మూటకట్టుకుని, కాలడం లేదని చెప్పుకుంటూ తిరగడమే.

రెండేళ్ళ కిందటి ఆయుధపూజకు ఆయన తల్లి మునెమ్మ, ఎనభై దాటిన మనిషి, తరాజు మొదలు తాళంచెవుల దాకా దేన్నీ వదలకుండా నూనె రాసి, చందనం, కుంకుమ పెట్టింది. దామోదరం కొడుకు సుజిత్ కొత్త సైకిలంటే ఆమెకు మరీ మురిపెం. చక్రం నడుమ తళతళలాడే ఇనుప పళ్ళాన్ని కొబ్బరినూనెతో రుద్ది రుద్ది తుడిచి, మూడు వేళ్ళతో చందనం పూసింది. అది బ్రేకు పట్టే చోటని పాపం ఆమెకేం తెలుసు? పక్కనే నిలబడి, "బాగా పుయ్యి మా, నీ మనవడు కొండెక్కాల," అని నవ్విన దామోదరానికి మాత్రం తెలుసా? తెలిసిన సుజిత్ ఆ వేళకు బజారులో పూలు బేరమాడుతున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే వాడు సైకిలును కారుకు కట్టుకుని స్నేహితులతో జవ్వాదు కొండలకు పోయాడు. పల్లెలూ లోయలూ చుట్టి బయలుదేరిన చోటికే చేరే తొంభై కిలోమీటర్ల దారి. ఆరు నెలలుగా వాడికి అదే పిచ్చి. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? ఎక్కినంతసేపూ పాడుతూనే ఎక్కాడట. మొదటి దిగుడులో, మూడో మలుపు దగ్గర సైకిలు ఆగలేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్లాడు. అయ్యో, ఏమని చెప్పేది!

తట్టాంచావడి మెకానిక్ యోగానంద్ సైకిలు విప్పి చూసి, దామోదరాన్ని పక్కకు పిలిచాడు. "అన్నా, బ్రేకులో నూనె, సందనం ఉండాది. అదే పట్టనీలేదు."

"ఈ మాట ఇక్కడనే పూడ్చెయ్యి తంబీ," అని దామోదరం అతని చేతులు పట్టుకున్నాడు. ఇంటికొచ్చి తల్లితో, "రోడ్డుమీద ఇసుక మా. జారిపొయినాడు," అన్నాడు.

"నేను బొట్టు పెట్టిన బండే కదరా, సామి ఎట్ల వదిలిపెట్నాడు?" అని ఆమె అడుగుతూనే ఉంది. ఒక రోజా, రెండు రోజులా!

పోయినేడాది చావింటి మైలని పండగ చెయ్యలేదు. ఈ ఏడు మునెమ్మ తానే లేచి గిన్నెలో నూనె పోసుకుంది. మనవరాలు యోగిత కొత్త స్కూటీ వాకిట్లో ఉంది. "దీనికైనా బాగా పెడతా. వాడిదానికి తక్కువ పూసినట్టుండాను," అంటూ ముందు చక్రం దగ్గర చతికిలబడి, మెరిసే పళ్ళెం మీదికి చెయ్యి చాచింది.

దామోదరం ఒక్క అంగలో వచ్చాడు. "వద్దు మా! యాడైనా పుయ్యి, దానిమీద మాత్రం వద్దు!" అని అరుస్తూ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గిన్నె దొర్లింది.

"ఏందిరా? ఎందుకు వద్దంటావు?"

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. రెండేళ్ళుగా చెప్పిన నోరేగా! ఆ వేళకు ఒక్కటీ రాలేదు. కన్నీళ్ళు మాత్రం వచ్చాయి.

మునెమ్మ కొడుకు ముఖం చూసింది. పళ్ళెం చూసింది. తన వేళ్ళు చూసుకుంది.

"వాడిదానికీ ఇట్లనే పూస్తిని కదరా," అంది.

ఆయన ఇంకా ఆమె మణికట్టు వదల్లేదు. ఆమె రెండో చేత్తో కొంగు లాక్కుని ఆ వేళ్ళు తుడుచుకోసాగింది. నూనె ఎప్పుడో పోయింది. ఆమె తుడుస్తూనే ఉంది.