రేవు డైరీలో నలభై ఒక్క ఖాళీలు

టికెట్టమ్మ సంచి సర్దడం పొద్దున ఆరింటికే మొదలుపెట్టింది. అడుగున పాత దుప్పటి, దాని మీద పదకొండు డైరీలు, తడి తగలకుండా ఒక్కోదానికీ ఒక ప్లాస్టిక్ కవరు, అన్నిటి పైనా తువ్వాలు. సర్దింది, తీసింది. తీసింది, మళ్ళీ సర్దింది.

"అత్తయ్యా, అవి వెళ్ళేది రెండు వీధుల అవతలికి," అన్నాడు అల్లుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. "మీ హడావిడి చూస్తే సముద్రం దాటేట్టున్నాయి."

"నవ్వు బాబూ, నవ్వు. ఎవరు వెళ్ళినా ఏదో ఒకటి మర్చిపోతారు. నేను చూడనివా?"

డైరీలు ఆ రోజు పాత రికార్డుల ఆఫీసుకు వెళ్ళిపోతున్నాయి. ఇక ఇంటికి రావు.

టికెట్టమ్మ ఇరవై రెండేళ్ళు పడవల రేవులో టికెట్లు కొట్టింది. బడి మొహం ఎరగదు. టికెట్ల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది, రాయడం రాగానే డైరీ పెట్టింది. సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళ జోలికి పోయేది కాదు. మూటా ముల్లే పట్టుకుని వెళ్ళేవాళ్ళనే రాసేది: ఎడమ వైపు ఎవరు, ఏ రోజు, ఏ సంచితో వెళ్ళారో, కుడి వైపు ఎప్పుడు వచ్చారో. ఆవిడ కిటికీ ముందు దిగితేనే వచ్చినట్టు. అంతలో ఏటికి వంతెన పడింది. పడవ ఆగింది. ఆవిడ ఇంటికొచ్చేసింది. కుడి వైపు నలభై ఒక్క ఖాళీలు మిగిలిపోయాయి. వాటిలో ఒకటి సొంత చెల్లెలిది.

అడిగితే ఏం వినాల్సొస్తుందోనని ఇరవై ఏళ్ళుగా ఆవిడ మార్కెట్టు మొహం చూడలేదు, ఎవరినీ అడగలేదు. రోజుకోసారి నలభై ఒక్కరినీ వరసగా తలుచుకోవడం, గుండె బరువు చేసుకోవడం, అంతే.

రికార్డుల ఆఫీసరమ్మ ఆ డైరీలు చూసి ఎగిరి గంతేసింది. రేవు కాగితాలన్నీ ఎప్పుడో చెదల పాలయ్యాయట, ఆ కాలానికి ఇవే ఆధారమట. ఆరు నెలలు కూర్చుని పరిశోధించి, "ఊరు విడిచి తిరిగిరాని నలభై ఒక్కరు" అని గోడంత బోర్డు రాయించింది. రాసింది అల్లుడే, అతని వృత్తి అదే. రాస్తూ రాస్తూ డైరీలు చదివి, దుకాణాల బోర్డులు పక్కన పడేసి, తన జీవితంలో మొదటిసారి సొంత బొమ్మలు వేశాడు. నలభై ఒక్క బొమ్మలు, నలభై ఒక్క సంచులు.

డైరీలు ఇవ్వడానికి టికెట్టమ్మ పెట్టిన షరతు ఒకటే. ఆ నలభై ఒక్క వరసలూ ఊరి జనం ముందు పైకి చదవాలి. ఎవరికైనా ఏదైనా కబురు తెలిస్తే చెబుతారు. మంచిదో చెడ్డదో, ఇక వినేయాలని ఆవిడ నిశ్చయించుకుంది.

పదింటికి ఆఫీసు హాలు కిటకిటలాడింది. ఆఫీసరమ్మ గొంతు సవరించుకుంది.

"రేకు పెట్టె. లోపల కత్తెర్లు గలగలమన్నాయి. జుట్టు కత్తిరించే పెద్దాయన. ఏప్రిల్ ఆరున వెళ్ళాడు. తిరిగి రాలేదు."

"రాకపోవడమేంటమ్మా!" మూడో వరసలోంచి ఒక ముసలాయన లేచి టికెట్టమ్మ వైపు తిరిగాడు. "మార్కెట్టు వెనక కొట్టు ఎవరిదనుకున్నారు? పద్దెనిమిదేళ్ళుగా మీ అల్లుడికి క్రాపు చేస్తోంది నేనే!"

అల్లుడు తల తడుముకున్నాడు.

టికెట్టమ్మ నోరు తెరిచింది. "మరి నా కిటికీ ముందు దిగలేదే?"

"వంతెన మీద బస్సులో దిగాను తల్లీ! అప్పటికి పడవెక్కడిది?"

హాలు గొల్లుమంది. ఇక ఒక్కో వరసా చదవడం ఆలస్యం, ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంటోంది. గోనెసంచిలో కుట్టుమిషను వేసుకుపోయిన దర్జీ, "నేనూ వచ్చాను, మిషనూ వచ్చింది" అన్నాడు. కవలల్ని చెరో చంకనా వేసుకుని వెళ్ళినావిడ, మీసాలొచ్చిన ఆ ఇద్దరినీ చెవులు పట్టుకుని లేపి నిలబెట్టింది. "మా బాబాయి వచ్చి పదేళ్ళు హాయిగా బతికి, తన మంచం మీదే పోయాడు" అన్నాడొకతను. బొమ్మల దగ్గర వేరే గొడవ. "నా సంచి నీలం కాదయ్యా, పచ్చ! మార్చు!"

"నా బోర్డంతా తప్పేనా!" ఆఫీసరమ్మ తల పట్టుకుంది.

"నీది ఆరు నెలల కష్టమేనమ్మా. నాది ఇరవై ఏళ్ళ దిగులు!" టికెట్టమ్మ కళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. "ఒక్కపూట మార్కెట్టుకి వెళ్ళొచ్చినా సరిపోయేది."

కలం తీసి, జనాన్ని వరసలో నిలబెట్టింది, రేవులో నిలబెట్టినట్టే.

"తేదీ చెప్పు."

"తేదీ ఎవరికి గుర్తుంటుందమ్మా? ఆ రోజు వాన మాత్రం దంచేసింది."

"అయితే 'వాన' అని రాస్తాను. పక్కకు జరుగు, వెనక మనుషులున్నారు."

మధ్యాహ్నానికి నలభై ఖాళీలు నిండాయి. ఆఫీసరమ్మ ఆఖరి వరస మెల్లగా చదివింది. "తాడు కట్టిన అట్టపెట్టె. నాలుగు జతల బట్టలు. నా చెల్లెలు." అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఏ కుర్చీ కదల్లేదు. టికెట్టమ్మ ఇంకొంచెంసేపు ఆగింది. తర్వాత కలానికి మూత పెట్టింది.

"బోర్డు దిద్దు బాబూ," అంది అల్లుడితో. "నలభై ఒకటి కొట్టేసి ఒకటి వెయ్యి."

చెల్లెలు తిరిగి రాలేదు. వెళ్ళింది మార్చి పద్నాలుగు, మంగళవారం, పొద్దున ఏడున్నర పడవలో, వంతెన తెరవడానికి తొమ్మిదేళ్ళ ముందు.