చారల దిండు

మధ్యాహ్నం భోజనాలయి పరుపుల కార్ఖానాలో యంత్రం మళ్ళీ తిరగడం మొదలుపెట్టేసరికి పిట్టకు ఊపిరి ఆడలేదు.

పాత పరుపుల్ని కోసి, గడ్డకట్టిన దూదిని ఏకే యంత్రంలోకి తోస్తున్న పెద్దకోడలు ఓరకంట చూసింది. దూది కుప్ప మీద నాలుగేళ్ళ కూతురు లేచి కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, నోరు తెరుచుకుని గాలి కోసం దేవులాడుతోంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. బక్కపల్చగా ఉంటుందని పిల్లకు పిట్ట అని పేరు పడింది. ఇప్పుడు ఛాతీలోంచి కూడా సన్నటి కూతే వస్తోంది.

అదే కుప్ప మీద చిన్నకోడలి కూతురు బొంగరం గెంతుతోంది. దానికీ నాలుగేళ్ళే. దూదిలో మొహం దూర్చి, మూతి చుట్టూ నూగు అంటించుకుని పకపకా నవ్వుతోంది. ఒక్క తుమ్మయినా తుమ్మదే!

పెద్దకోడలి కడుపు భగ్గుమంది. 'దీనికేం రాదేం ముదనష్టపుదానికి' అనుకుంది. అనుకున్న మరుక్షణం చెంపలేసుకుంది. పసిపిల్లని పట్టుకుని అంత మాటా? చెంపలయితే వేసుకుంది గానీ మంట చల్లారలేదు.

పిట్టను ఎత్తుకుని బయటి అరుగు మీదికి పరిగెత్తింది. కొంగు ముడిలోంచి పీల్చే మందు తీసి పట్టించింది. ఆ మందు డబ్బా ఒక్కటీ రెండు రోజుల కూలి. యంత్రం దగ్గర్నుంచి కదిలినందుకు ఇవాళ్టి కూలిలో సగం పోయినట్టే.

అరుగు మీద పరుపు గుడ్డలు కుడుతున్న అత్తగారు సూది ఆపకుండానే అందుకుంది.

"నా కొడుకులిద్దరిదీ ఒకటే రక్తం. చిన్నదాని పిల్ల గుండ్రాయిలా ఉంది. మరి దీనికెక్కణ్ణించి వచ్చింది? మీ పుట్టింటి నుంచే. మా వంశంలో దగ్గిన మొహం లేదు."

"ఊరుకోండత్తయ్యా" అంది గుమ్మంలోకొచ్చిన చిన్నకోడలు.

ఆ 'ఊరుకోండి'లో బోలెడంత తృప్తి వినిపించింది పెద్దకోడలికి. నిజంగా ఉందో లేదో! కుళ్ళు పట్టిన చెవికి లేనివి కూడా వినిపిస్తాయి మరి.

ఆ సాయంత్రమే ఆమె కన్ను దిండు మీద పడింది. కార్ఖానాలో నేల మీద రాలిన నూగును ఊడ్చి ఇంటికి తీసుకెళ్ళమంటాడు యజమాని. ఊరికే ఇస్తున్నాడు, ఎంత మంచివాడో అని ఆడవాళ్ళు మురిసిపోయి దాన్నే పిల్లల దిండ్లలో కూరతారు. పిట్ట దిండు అలాంటిదే. బొంగరానిది మాత్రం దాని అమ్మమ్మ కొత్త దూది పెట్టి కుట్టి పంపింది. రెండింటికీ తొడుగులు ఒకే నీలిచారల గుడ్డవి. పిల్లలిద్దరూ నాయనమ్మకు చెరోపక్క పడుకుంటారు.

'ఆ సుఖమంతా దిండుదే. నా పిల్ల మెత్తటి దాని మీద పడుకోవాలి. దాని పిల్ల ఒక్కరోజు ఎగరొప్పుతూ కూర్చోవాలి, అప్పుడు తెలుస్తుంది' అనుకుని, పక్కలు వేసేటప్పుడు దిండ్లు మార్చేసింది.

నాలుగు రోజులు గడిచాయి. బొంగరానికి ఏమీ కాలేదు. నూగు దిండు మీద గుర్రుపెట్టి నిద్రపోయి, పొద్దున్నే ఇల్లు పీకి పందిరేసింది. రోజూ నడిరాత్రి ఆయాసంతో లేచి కూర్చునే పిట్ట కూడా ఆ నాలుగు రాత్రులూ లేవలేదు. సంతోషించాల్సింది పోయి, తల్లి ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లేమైనా ఇనుముతో చేసిందా?

అయిదో రోజు కార్ఖానాలో పిట్ట పెదాలు నీలంగా మారాయి. పెద్దకోడలూ అత్తగారూ పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు.

ఊపిరి కుదుటపడ్డాక డాక్టరమ్మ అడిగింది. "మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఆయాసం ఉండేదా?"

పెద్దకోడలు తల దించుకుంది. "మా అక్కకి చిన్నప్పుడు ఉండేదండీ."

"మీవైపు ఎవరికైనా ఉండేదా, పెద్దమ్మా?"

అత్తగారు కొంగు నలుపుతూ అంది. "మా నాన్న పడుకోగా నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అదాయన అలవాటనుకున్నాం."

ఆ మాటకు పెద్దకోడలు ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేకపోయింది. ఎవరివైపు నుంచి వస్తేనేం, ఆడని ఊపిరి తన పిల్లది.

"అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం జన్యువులొస్తాయి" అంది డాక్టరమ్మ. "వాటిల్లో చిన్న చిన్న తేడాలుంటాయి. ఒక్కో తేడా చేసేది కొంచెమే. అలాంటివి చాలా ఒకచోట పడితే, ఊపిరి గొట్టాలు దుమ్ము తగలగానే బిగుసుకుపోతాయి. ఒక కడుపున పుట్టినవాళ్ళకే ఒకేలా రావు. అన్నదమ్ముల పిల్లలకి ఎలా వస్తాయి? ఇందులో ఎవరి తప్పూ లేదు."

అత్తగారు బయటికి వెళ్ళాక పెద్దకోడలు గొంతు తగ్గించి దిండు సంగతి చెప్పేసింది. చెబుతుంటే ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ కోపంగా చూసింది. "ఆ పిల్లకేమైనా అయ్యుంటే? ఆ దుమ్ము ఎవరికీ మంచిది కాదు." కలం తీసి, "నీ పిల్ల పుట్టుక మనం మార్చలేం. దిండు మార్చావు, నాలుగు రాత్రులు నిద్రపోయింది. ఇక మధ్యాహ్నాలు కూడా మార్చు" అని చీటీ రాసిచ్చింది. పిల్లను దుమ్ములో ఉంచకూడదు, పిల్లలకు వేరే గది కావాలి అని అందులో ఉంది.

మర్నాడు పెద్దకోడలు ఆ చీటీ యజమాని బల్ల మీద పెట్టింది. కార్ఖానా వెనక కిటికీ ఉన్న గది ఒకటి ఖాళీగానే పడి ఉంది. యజమాని చీటీ చదివి, చిన్నకోడల్ని కూతురితో సహా పిలిపించాడు. వెనకే అత్తగారూ వచ్చి గుమ్మంలో నిలబడింది. మధ్యాహ్నం నిద్ర కోసం తెచ్చుకున్న చారల దిండును బొంగరం చంకలో ఇరికించుకుంది. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. పెద్దకోడలి కన్ను మళ్ళీ ఆ బుగ్గల మీదే పడింది.

"చూడమ్మా, ఈ పిల్లా అదే కుప్ప మీద ఆడుతోంది. దీనికేమయింది? రాయిలా ఉంది" అన్నాడు యజమాని. "అంటే లోపం నా దూదిలో లేదు, మీ రక్తంలో ఉంది. పుట్టుకతో వచ్చిన జబ్బు, పనికి సంబంధం లేదని కాగితం రాయించాను. నువ్వూ, సాక్షిగా మీ తోడికోడలూ వేలిముద్రలు వెయ్యండి. రేపట్నుంచి పిల్లని ఇంట్లో వదిలేసి రా."

"ఇంట్లో ఎవరున్నారండీ? ముగ్గురం ఇక్కడే ఉంటే?"

"అది నీ ఇంటి సంగతి."

సిరా డబ్బా ముందుకు జరిగింది. పెద్దకోడలు బొంగరం వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఈ పిల్లను చూసి తాను అనుకున్నది, ఇప్పుడు ఈయన అంటున్నది ఒకటే కదా! సిగ్గుతో చచ్చినంత పనయింది ఆమెకు.

"ఆ దిండు ఇటివ్వమ్మా" అని తీసుకుంది. తోడికోడలి మొహం చూడకుండా అంది. "ఇది నీ కూతురిది కాదే. పిట్టది. ఓర్వలేక నేనే మార్చాను."

చిన్నకోడలు దిండు వంకా, తోడికోడలి వంకా మార్చి మార్చి చూసింది.

"రక్తం మాదేనండీ, కాదన్ను" అంది పెద్దకోడలు యజమానితో. "కానీ ఈ దిండు తీసేస్తే అదే రక్తం ఉన్న పిల్ల నాలుగు రాత్రులు హాయిగా నిద్రపోయింది. రక్తం మాది. దుమ్ము మాత్రం మీదే. నేను వేలిముద్ర వెయ్యను."

పంటితో కుట్టు పట్టి లాగి, దిండును ఆ కాగితం మీదే దులిపేసింది. బూడిదరంగు నూగు గదంతా లేచింది. యజమాని కుర్చీ వెనక్కి తోసి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంటికి పదవే, నీ సంగతి చెప్తా" అంది చిన్నకోడలు పళ్ళు కొరుకుతూ. అని, కూతుర్ని చంకనేసుకుని, సిరా డబ్బా మూత చప్పుడయ్యేలా మూసేసింది.

యజమాని దగ్గాడు. ఆపుకోలేక మళ్ళీ దగ్గాడు. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు అంతా విని, ఆయన వంక జాలిగా చూసింది.

"ఏం బాబూ, మీ వంశంలో కూడా ఉందా?" అని అడిగింది.